బాగయినంక వేద్దామన్న సాక్ష్యం

తేడా మొదట కనిపెట్టింది నేను కాదు, మా ఆవిడ సుగుణ. తొంభైల చివర ఒక మధ్యాహ్నం, మా క్రైస్తవ మాసపత్రిక కోసం స్టెన్సిల్ కాగితం మీద ఇనుప కలంతో నా కీర్తన ఎక్కిస్తున్నాను. ఆ పత్రికకు కవి, సంపాదకుడు, చప్రాసి అన్నీ నేనే. పాఠకులు ప్రపంచమంతటా, అంటే మా బాన్సువాడ చుట్టుపక్కల బీర్కూర్ నుంచి డోంగ్లి దాకా, ఉండేవారు.

"ఏందయ్యా, కాగితం పిరమైందా? గింత సన్నగ రాస్తున్నవ్?" అంది.

చూసుకుంటే లైను మొదట్లో గుమ్మడికాయంత అక్షరం, చివరికొచ్చేసరికి ఆవగింజ. ఆవగింజంత విశ్వాసం చాలునని వెయ్యిసార్లు రాసిన చెయ్యి నాది. ఆవగింజంత అక్షరం మాత్రం సైక్లోస్టయిల్ యంత్రానికి చాలలేదు. ఆ నెల పత్రిక నిండా చీమలు పాకాయి.

బాన్సువాడ డాక్టరు నరాల బలహీనత అన్నారు. బి-కాంప్లెక్స్ సూదులతో నా ఒళ్లు జల్లెడయింది, అక్షరం పెరగలేదు. ఏడాది తిరిగేసరికి కుడిచేతికి వణుకు. హైదరాబాద్‌లో న్యూరాలజిస్ట్ నన్ను నడిపించి, ఒక లైను రాయించి, ఆ కాగితాన్ని కళ్లద్దాలకు ఆనించుకుని చూశారు.

"మైక్రోగ్రాఫియా, అంటే రాత చిన్నదైపోవడం. పార్కిన్‌సన్స్ ఇది."

"ఎన్నాళ్లకు తగ్గుతది సారూ?"

"కంట్రోల్ చేస్తాం. క్యూర్ లేదు. మీరేం చేస్తుంటారు?"

"కవిని."

"అయితే చిన్న కవితలు రాయండి."

బస్సులో బాన్సువాడ దాకా ఆ మాటకు నవ్వుతూనే వచ్చాను. సుగుణ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

లెవోడోపా మాత్రలు మొదలయ్యాక అక్షరాలు ఒళ్లు చేశాయి. ఆగుతానా? దేవుడు బాగుచేశాడని చెప్పే నా సాక్ష్యం అచ్చేశాను. మా పత్రికలో ఏ సాక్ష్యమైనా 'స్వస్థపడ్డాను' అనే మాటతోనే ముగియాలి. ఆ నియమం నేను పెట్టిందే. నాదీ అలాగే ముగిసింది. సంఘం చప్పట్లకు చర్చి రేకుల కప్పు లేచిపోతుందనుకున్నాను.

మూడేళ్లకు మాత్ర పనిచేసే గంటలు తగ్గాయి. "వేరింగ్ ఆఫ్" అని డోసు పెంచారు. ఒళ్లు పాములా మెలికలు తిరిగింది. "డిస్కైనీషియా" అని తగ్గించారు. నేను ఒక్క గుండీ పెట్టుకునేలోపు మీరు పాత నిబంధన సగం చదివెయ్యొచ్చు. ప్రార్థన మానలేదు. జవాబు రాలేదు.

అలాంటి రోజుల్లో రూతవ్వ వచ్చింది. బీర్కూర్‌లో నాట్లేసి బతికిన మనిషి. పక్షవాతంతో ఎడమ కాలు పడిపోయింది. ఏడేళ్ల కింద తన సాక్ష్యం నాకు చెప్పి రాయించింది. చివర స్వస్థత లేదు కనుక "బాగయినంక వేద్దాం అవ్వా" అని సొరుగులో పెట్టాను. ప్రతి క్రిస్మస్‌కూ అడిగేది. ప్రతిసారీ అదే మాట చెప్పేవాణ్ణి.

ఈసారి కర్ర గోడకానించి నా చేతి వంక చూసింది.

"సారూ, నా కాలు ఇంక బాగ కాలే. నీ చెయ్యి?"

"కాలేదవ్వా."

"బాగైందని ఏసుకుంటివి గద?"

చీమను ఏనుగు చేయడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆ రోజు మాత్రం చొక్కా గుండీ వెతుక్కున్నాను.

"మరి ఇద్దరియి ఉన్నదున్నట్టు ఇగ ఎప్పుడు ఏస్తవ్?"

సొరుగు లాగాను. రూతవ్వ కాగితం పసుపుపచ్చగా మారింది. చివరి వాక్యం: 'ఇంక అడుగుతనే ఉన్న.' సుగుణ స్టెన్సిల్ రాసింది. ఒక్క మాట దిద్దలేదు. దాని కింద నా క్షమాపణ, నా సాక్ష్యం అబద్ధమైందన్న సంగతి, రెండు లైన్లు. అదే మా ఆఖరి సంచిక.

"ఇగ బాగ కాలేదని ఫికర్ లేదా సారూ?" అనడిగింది అచ్చయిన రోజు వచ్చిన రూతవ్వ, పత్రిక మడిచి కొంగున ముడేసుకుంటూ.

"ఉందవ్వా."

"నాక్గూడ," అని కర్ర ఊతంతో బస్టాండుకేసి నడిచింది.

ఇప్పుడు సుగుణ అన్నం కలిపి నా నోట్లో పెడుతుంది. ఇది కూడా నేను చెబుతుంటే తనే రాస్తోంది. మోకాళ్లూనలేను, కుర్చీలోనే ప్రార్థిస్తాను.

ఒక్క సలహా. చేతిరాత సన్నబడితే పాత ఉత్తరం ఒకటి, కొత్తది ఒకటి పట్టుకొని తిన్నగా న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. నేను సూదులకిచ్చిన ఏడాది మీరివ్వకండి. వెళితే నయమవుతుందని చెప్పను. స్వస్థపడ్డానని ఇక రాయను. ఇంక అడుగుతనే ఉన్న.