నాలుగో మూల

రేవులో ఆయన అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ ఆయన నాలుగుమూలలు. లారీ డ్రైవర్లు "నాలుగుమూలలన్నా" అంటారు. పడవ మీది వాళ్లు ఒట్టి "మూలలూ!" అని కేకేస్తారు. ఇంట్లో భార్య కూడా కోపమొస్తే ఆ పేరే ఎత్తుతుంది. పరిచిన దుప్పటి నాలుగు కొసలూ తడిమి చూస్తే గానీ పడుకోని మనిషిని మరేమంటారు?

పేరు పనిలోంచి వచ్చింది. రైలు మీద వచ్చిన ఇనప పెట్టెలు లారీల మీదికి మారి, అరమైలు నడిచి, రేవులో సరుకు పడవలెక్కుతాయి. ఒక్కోటి ఇంట్లో గదికన్నా పెద్దది. తలుపు ఒక్కసారి కూడా తియ్యకుండా రైలూ లారీ పడవా మూడూ మారిపోతుంది కాబట్టి లోపల ఏముందో అక్కడ ఎవరికీ తెలియదు. లారీ మీద దాన్ని కదలకుండా పట్టి ఉంచేవి నాలుగు మూలల్లో నాలుగు లాకులు. పిడి కుడికి ఉంటే బిగిసినట్టు, ఎడమకి తిప్పితే వదిలినట్టు. లారీ రేవులో ఆగగానే ఆ నాలుగూ వదిలించి, పక్కకి జరిగి, చెయ్యెత్తి నాలుగు వేళ్లు చూపించడం ఆయన పని. పైన క్రేను గదిలో కూర్చున్న మనిషికి లాకులు కనపడవు. కనపడేవి ఆ వేళ్లే. వేళ్లు చూశాక పెట్టెని జానెడు ఎత్తి ఆగాలి. లారీ కింద కదలకపోతే అప్పుడు పూర్తిగా ఎత్తాలి. ఇది రేవులో పాత పద్ధతి.

పెట్టెలు రాకముందు ఆయన మూటలు మోశాడు. రైలు దగ్గర మూట వీపున ఎక్కించుకుని పడవ దగ్గర దించేవాడు. అరవైమంది మోసేవారు. మెడ నరం లాగే తీరుని బట్టి ఎంత బరువో, మూట ఏ పక్కకి ఒరుగుతోందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. పెట్టెలొచ్చాక అరవైమందిలో నలుగురే మిగిలారు. మేస్త్రి ఆయన్ని ఎందుకు ఉంచాడంటే, "వీడు లెక్క తప్పడు" అని. తక్కిన యాభయ్యారుమందీ తలో దిక్కూ వెళ్లిపోయిన రోజు ఆయన అన్నం ముట్టలేదు.

కొత్త పనిలో ఆయనకి ఒక్కటే ఇబ్బందిగా ఉండేది. ఒంటికి ఏమీ తెలియదు. మూటైతే వీపు చెప్పేది. పిడి ఎడమకి తిప్పితే టక్ మంటుంది, అంతే. అందుకని తనే ఒక అలవాటు చేసుకున్నాడు. లాకు వదిలించగానే పెట్టె మూల మీద అరచేత్తో ఫట్ మని కొట్టేవాడు. అరచెయ్యి చురుక్కుమనేది. నాలుగు చురుకులు పడితేనే చెయ్యి లేచేది. డ్రైవరు ఎడమపక్క ముందు మూలతో మొదలెట్టి, వెనక్కి వెళ్లి, చుట్టి వచ్చి, కుడిపక్క ముందు మూలతో ముగించేవాడు. ఇరవై ఏడేళ్లు అదే దారి.

క్రేను నడిపే అమ్మాయి రేవుకి వచ్చి ఐదేళ్లయింది. ఎప్పుడూ పైనే ఉంటుందని ఆమెకి పిచ్చుక అని పేరు పెట్టింది ఆయనే. ఆమె "బాబాయ్" అనేది. భోజనాల వేళ ఇద్దరూ డబ్బాలు తెరిచి ఒకే బల్ల మీద కూర్చునేవారు.

"బాబాయ్, పైనుంచి చూస్తే నీ బట్టతల రోజురోజుకీ పెద్దదవుతోంది."

"గుర్తుపట్టడానికి నీకే వీలు కదే. వేళ్లు కనపడకపోయినా తల కనపడుతుంది."

ఆ ఏడు వానాకాలంలో కంపెనీ అందరికీ కొత్త చేతి తొడుగులిచ్చింది. మందపాటివి, లోపల దూది పెట్టి కుట్టినవి. తొడుక్కోకపోతే పనిలోకి రానివ్వరు. అదే వారంలో రేవు గట్టున తీగలు వెయ్యడానికి గొయ్యి తవ్వారు. దాంతో లారీలు ఎప్పుడూ వచ్చే వైపునుంచి రాలేక వెనక్కి నడుచుకుంటూ రావలసి వచ్చింది. ముందుండాల్సిన మూల వెనకా, వెనకుండాల్సింది ముందూ అయింది. ఆయన ఎడమపక్క వెనక మూలతో మొదలెట్టి, లారీ ముందునుంచి చుట్టి, కుడిపక్క వెనక మూలతో ముగించాల్సి వచ్చింది.

ఆ రోజు పొద్దున వాన పడుతోంది. పొడుగు డ్రైవరు లారీ నిలిపి, తడుస్తానని కిందికి దిగలేదు. పెట్టె ఎత్తేటప్పుడు డ్రైవరు దిగాలని నియమం. వానలో ఎవరూ దిగరు. ఆయన రెండు మూలలు వదిలించి మూడోదాని దగ్గర ఉండగా పొడుగు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అన్నా, ఈ గొయ్యి ఎప్పుడు పూడుస్తార్రా బాబూ? మెడ తిప్పి తిప్పి నేను గుడ్లగూబనైపోయాను!"

"నువ్వు గుడ్లగూబవైతే ఎలకలన్నా తగ్గుతాయి. తల లోపల పెట్టు," అన్నాడాయన నవ్వుతూ. మూడో మూల మీద కొట్టాడు. తొడుగు మెత్తగా దబ్ మంది. చురుకు లేదు. కుడిపక్క ముందు మూల దగ్గరే ఉన్నాడు. ఆ మూల దగ్గరికొస్తే పని అయిపోయినట్టే లెక్క, ఇరవై ఏడేళ్లుగా. చెయ్యి లేచింది. నాలుగు వేళ్లు.

పిచ్చుక ఎత్తింది. జానెడు దగ్గర ఆగలేదు.

మూడు మూలలు లేచాయి, నాలుగోది లారీని పట్టుకునే ఉంది. లారీ పక్కకి ఒరిగి, కుడిపక్క చక్రాలు నేల వదిలి, మనిషెత్తు లేచింది. అప్పుడు లాకు విరిగింది. లారీ పడిన చప్పుడుకి పడవ మీది వాళ్లు నీళ్లలో ఏదో పేలిందనుకున్నారు. పొడుగు డ్రైవరుకి కాలు రెండుచోట్ల విరిగింది, జబ్బ ఎముక విరిగింది. ప్రాణం దక్కింది.

విరిగిన లాకుని సూపర్‌వైజరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపల తుప్పు ఉంది. వదిలించినా తుప్పుకి పట్టేసి ఉండొచ్చని ఒకరన్నారు. తక్కినవాళ్లంతా అవునన్నారు. నాలుగుమూలలు లాకు మర్చిపోయి ఉంటాడన్న మాట ఒక్కరి నోటి నుంచీ రాలేదు. ఆ మాట రాకపోవడమే ఆయన గుండెల్లో రాయిలా పడింది.

విచారణ మూడో రోజున. ఆ పొద్దున భార్య తడిసిన తొడుగుల్ని కిటికీ ఊచలకి తగిలించి ఆరబెడుతోంది. ఆయన పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని చెప్పాడు, మొదటిసారి.

"నాలుగోది నేను తియ్యలేదు."

ఆమె చేతులు ఆగాయి. "తుప్పన్నారుగా అందరూ?"

"తుప్పుంది. కానీ నేను దాని దగ్గరికే వెళ్లలేదు."

"ఈ పాడు తొడుగుల వల్లేనని చెప్పండి. చెయ్యికి తెలియలేదని చెప్పండి. అబద్ధమేం కాదుగా?"

"తొడుగు చెయ్యెత్తలేదు కదా."

ఆమె చేతిలోని తొడుగుని పిండింది. తరవాత అడిగింది, "మరి ఆ పిల్ల సంగతేమిటి?"

"నేను చెప్పకపోతే, జానెడు దగ్గర ఆగలేదని అంతా దాని మీద రాస్తారు. క్రేను నడిపే అనుమతి కాగితం లాగేసుకుంటారు. మళ్లీ పైకి ఎక్కనివ్వరు."

పిచ్చుక ఆదివారాలు వాళ్లింటికొచ్చేది. వంటింట్లో ఇదే పీట మీద కూర్చుని కూరలు తరిగేది. ముక్కలు మరీ పెద్దవిగా తరిగావని భార్య తిట్టేది. భార్య తొడుగుల్ని మళ్లీ ఊచలకి తగిలించింది. "వెళ్లేటప్పుడు ఏమైనా తిని వెళ్లండి," అంది. "ఖాళీ కడుపుతో అలాంటి మాటలు చెప్పకూడదు."

విచారణ సూపర్‌వైజరు గదిలో జరిగింది. బల్ల, మూడు కుర్చీలు, గోడకి రైలు వేళల పట్టీ. పిచ్చుక అప్పటికే నిలబడి ఉంది.

"వేళ్లు చూశావా?" అన్నాడు సూపర్‌వైజరు.

"చూశానండీ. నాలుగు."

"జానెడు దగ్గర ఆగావా?"

"లేదండీ."

"పద్ధతి తెలియదా?"

"తెలుసు. మిగతావాళ్లకి ఆగుతాను." ఆమె గోడ వైపు చూస్తూ చెప్పింది. "బాబాయి చెయ్యి కదా అని..."

ఆ మాట ఆయనకి మూటలో రాయిలా తగిలింది. ఏ పక్కకి ఒరుగుతోందో మెడకి తెలిసింది.

సూపర్‌వైజరు చెడ్డవాడేమీ కాదు. కాగితం ముందే రాయించి ఉంచాడు. దాన్ని ఆయన వైపు జరిపి, "మీది పెద్దగా ఏం లేదు. నాలుగూ తీశానని ఇక్కడో సంతకం పెట్టండి. లాకు తుప్పు, అమ్మాయి తొందర. అంతేగా?" అన్నాడు.

ఆయన పెట్టెల పక్కలమీది అంకెలు చూసి చదువు నేర్చుకున్నవాడు. వేలు పెట్టుకుని ఒక్కో మాటా చదివాడు. గదిలో ఎవరూ తొందరపెట్టలేదు. కలం తీసుకున్నాడు. మళ్లీ కింద పెట్టాడు.

"మూడు," అన్నాడు.

"ఏం మూడు?"

"మూడే తీశానండీ. నాలుగోది మర్చిపోయి చెయ్యెత్తాను."

పిచ్చుక గిరుక్కున తిరిగి చూసింది. ఆయన ఆమె వైపు చూడలేదు.

"ఆలోచించే అంటున్నారా?" అన్నాడు సూపర్‌వైజరు గొంతు తగ్గించి. "లాకు విరిగిపోయింది. ఎవరూ నిరూపించలేరు."

"నిరూపించక్కర్లేదండీ. నేను అక్కడే ఉన్నాను."

కాగితం కొట్టేసి మళ్లీ రాశారు. ఆయన్ని లాకుల పని నుంచి తీసేసి గేటు దగ్గర లారీ నంబర్లు రాసే పనిలో వేశారు. ఆగనందుకు పిచ్చుకని నెలరోజులు క్రేను మీంచి దింపారు. ఆమె కాగితం పోలేదు.

ఆ నెలలో ఆయన భార్యని వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాడు. పొడుగు డ్రైవరు కాలు పైకి కట్టించుకుని పడుకుని ఉన్నాడు. మంచం చాలక పాదం బయటికొచ్చింది.

"రా అన్నా," అన్నాడు. "ఈ రేవులో ఏ డ్రైవరూ ఎక్కనంత ఎత్తు ఎక్కించావు నన్ను."

భార్య నవ్వబోయి ఆగింది. ఆయన నవ్వలేకపోయాడు. మంచం పక్కన నిలబడి, "నాది తప్పు తమ్ముడూ," అన్నాడు.

"కిటికీలోంచి వాగింది నేనే. దిగాల్సిందీ నేనే," అన్నాడు పొడుగు డ్రైవరు. "కానీ విచారణలో నువ్వన్న మాట విన్నాను. విన్నాక నొప్పి తగ్గిందని అబద్ధం చెప్పను. నిద్ర మాత్రం పట్టింది." వాళ్లు బయల్దేరుతుంటే, "మళ్లీ రా," అన్నాడు.

పిచ్చుక మాత్రం నెలంతా కనపడలేదు. ఆదివారాలు రాలేదు. భార్య కూరలు తనే తరుక్కుంది, పెద్ద ముక్కలుగా. నెల తిరిగాక ఒక పొద్దున పిచ్చుక గేటు దగ్గర ఆగింది. ఆయన పుస్తకంలో తల దూర్చాడు.

"బాబాయ్, నీ మీద కోపమొచ్చింది నాకు."

"రావాలి కదమ్మా."

"తప్పు చేసినందుకు కాదు. నా తప్పు కూడా నీ మీదే వేసుకుని పోతావేమోనని. నేను ఆగలేదు. అది నాది." ఆమె పుస్తకం మీద అరచెయ్యి పెట్టింది. "అది నాకే ఉండనివ్వు."

ఆయన తల ఊపాడు. ఆమె క్రేను మెట్లవైపు నడిచింది.

గేటు గదిలోంచి క్రేను పైభాగం, ఎత్తిన పెట్టె కనపడతాయి. కింద లాకుల దగ్గర కొత్త మనిషి చెయ్యెత్తి ఉంటాడు, అది కనపడదు. పెట్టె లేచింది. జానెడు దగ్గర ఆగింది. ఆయన తొడుగు తీసేసిన అరచేత్తో కిటికీ గట్టు మీద మెల్లిగా కొట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పెట్టె ఇంకా ఆగే ఉంది. అప్పుడు పైకి కదిలింది.

బయట వరసలో మూడు లారీలు హారన్లు కొడుతున్నాయి.

"నాలుగుమూలలన్నా! నిద్రపోయావా? గేటు తియ్యి!"

ఆ పేరుతో ఇంకా ఎందుకు పిలుస్తున్నారో ఆయనకి అర్థం కాలేదు. "వస్తున్నా," అని కేకేసి, నంబరు రాసుకుని, గేటు తియ్యడానికి లేచాడు.