మొదటి కాన్పు అని రాశాను

మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో నేను ఉప్పల్‌లో ఒక ల్యాబ్ టెక్నీషియన్‌ను. నాచారంలోని ఒక ప్రసూతి దవాఖానాకు పోయి, తల్లి రక్తం, బొడ్డుతాడు రక్తం ఐసు డబ్బాలో తేవడం నా పని. కాన్పు సమయంలో తల్లీబిడ్డల కణాలకు తుప్పులాంటిది పడుతుంది. దాన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. అది తొలిచూలులో ఎక్కువా, తర్వాతి కాన్పుల్లో ఎక్కువా అన్నది మా సార్ల ప్రశ్న. అందుకే గర్భిణులందరినీ ఇది ఎన్నో కాన్పని అడిగేదాన్ని. పోయిన పిల్లల్ని దాస్తే కసిరేదాన్ని కూడా. నేను నింపిన కాగితమే డాక్టరమ్మ ఫైల్లోకీ పోయేది.

ఎనిమిదో నెలలో మా చెల్లె అక్కడికే వచ్చింది. అంతకు ముందు దానికి ఇద్దరు, అత్తగారి ఊళ్ళో. ఇద్దరూ తొమ్మిదో నెలలో కడుపులోనే పోయారు. ఆ సంగతి తెలిస్తే డాక్టరమ్మ ఈ బిడ్డను ముందే బయటికి తీసేదని నాకు తెలుసు.

"మొదటిదని రాయి బిడ్డా," అంది వాళ్ళ అత్త. "కడుపుతోని ఉన్నప్పుడు పోయినోళ్ళను లెక్కవెట్టొద్దు. లెక్కవెడితే దీన్ని గూడ పిలుసుకుంటరు."

చెల్లె నా మొహమే చూసింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అదే నేను. భయం వేసింది. నా చేత్తో మూడోదని రాశాక బిడ్డకేమైనా అయితే? మొదటి కాన్పు అని రాశాను. డాక్టరమ్మకు చాటుగా చెప్పొచ్చులే, రేపు చెప్తాను, ఎల్లుండి చెప్తాను అనుకుంటూనే ఉన్నాను.

తొమ్మిదో నెలలో ఒక పొద్దున చెల్లె ఫోన్ చేసింది.

"అక్కా, నిన్నటిసంది కదుల్తలేదు."

దవాఖానా దాకా ఆటోలో చెల్లె తన కడుపు మీది నుంచి చెయ్యి తియ్యలేదు. ఆడపిల్ల. ఒత్తయిన జుట్టు. ప్రాణం లేదు. అలవాటుగా ఐసు డబ్బా తెరవబోతే, పోయిన బిడ్డ రక్తం మా పరీక్షకు పనికిరాదని నర్సు గుర్తు చేసింది. నా మీద నాకు అంత అసహ్యం అంతకు ముందెప్పుడూ కలగలేదు.

సాయంత్రం డాక్టరమ్మ ఫైలు తిరగేసి, మంచం అంచున కూర్చుని మెల్లగా చెప్పింది. "మొదటి కాన్పే కదమ్మా. చిన్న వయసు. ధైర్యంగా ఉండు."

చెల్లె నా వైపు తిరిగింది, నేను చెప్తానేమోనని.

"మూడోది మేడం," అంది. "మా అక్కకు ఎరికే."