రాహుకేతువుల ఫోటో

రేణిగుంటలో తండ్రి కాలం నుంచీ దేవుళ్ళ పటాలు కట్టి అమ్మే గురప్పకు ఎదురంగడి సుకుమార్‌ను చూస్తేనే కడుపుమంట. మొన్న శ్రావణంలో ఆ సుకుమార్ నవగ్రహాల పటంలో విగ్రహాలకు బదులు అంతరిక్షనౌకలు తీసిన నిజం ఫోటోలు పెట్టాడు. కొండకొచ్చిన జనమంతా అక్కడే ఎగబడ్డారు.

ఆ ఫోటోలు ఎవరైనా ఉచితంగా తీసుకునేలా ఇంటర్నెట్‌లో ఉన్నాయని కూతురు కోమలి చెప్పాక గురప్పకు ప్రాణం లేచొచ్చింది. సూర్యుడి నుంచి శని దాకా ఏడూ దించుకున్నాడు. రాహుకేతువులు మాత్రం ఎంత వెతికినా కనబడలేదు. దొంగ దొరికాడనుకుని, పదిమంది ముందు సుకుమార్ పరువు తీద్దామని రోడ్డు దాటాడు.

"లేని రాహువు ఫోటో నీకు యాడ దొరికిందప్పా?"

సుకుమార్ పటం ఇటు తిప్పి చూపించాడు. "రాహువు చోట సూర్యగ్రహణం, కేతువు చోట చంద్రగ్రహణం పెట్టినాను గురప్పన్నా. అవి గూడా ఆడే ఉండాయి. నీ ఫోన్‌కు పంపించేదా?"

కొనేవాళ్ళు మెచ్చుకోలుగా తలలూపారు. అంతమంది ముందు వద్దనలేక గురప్ప ఫోన్ బయటికి తీశాడు. నంబరు చెప్తుంటే కడుపులో మంట నెత్తికెక్కింది.