గోడకు ఎడమ పక్క ముఖం

బెజవాడలో బోర్డులు రాసేవాళ్ళకు కొదవ లేదు. కానీ డెబ్బైల నాటికి, ముఖం వెయ్యాల్సిన పనైతే మాత్రం గుణదల జక్కయ్యకే కబురు వెళ్ళేది. అక్షరం ఎవరైనా రాస్తారు, కన్ను దిద్దాలంటే చెయ్యి వేరు అనేవారు గవర్నరుపేట కొట్ల వాళ్ళు. సబ్బుల గోడలు, టీపొడి రేకులు, సినిమా హాళ్ళలో ఆటకు ముందు చూపించే గాజు స్లైడులు, ఏటా ఫిబ్రవరిలో కొండ మీది మేరీమాత తిరునాళ్ళకు గుడ్డ జెండాలు, అన్నీ ఆ చేతి మీదుగా పోయినవే.

ఆ చెయ్యి ఎక్కడ తిరిగిందో జక్కయ్య దాచుకునేవాడు కాదు. తండ్రి శౌరయ్య ఇళ్ళకు సున్నం వేసేవాడు. జక్కయ్య చదువు అయిదో తరగతితో ఆగింది. తండ్రి వెంట పనికి పోయి వచ్చాక, ఇంటి వెనక గోడ మీద బొగ్గుతో గీసేవాడు. ఎదురుగా కదలకుండా కూర్చునే మనిషి కావాలి. ఇంట్లో అలా కూర్చునేది ఒక్కతే, తనకన్నా ఎనిమిదేళ్ళు చిన్నదైన చెల్లెలు తెరేసమ్మ. పిప్పరమెంటు బిళ్ళ ఒకటి నోట్లో వేస్తే అది కరిగేదాకా కూర్చునేది. "బిళ్ళ అయిపోయిందన్నయ్యా" అని, గోడ మీద ముక్కు సగంలో ఉండగానే లేచి పోయేది.

ఏళ్ళ తరబడి అలా గీసి గీసి ఆ ముఖం చేతికి అలవడిపోయింది. ఎంతగా అంటే, ఎదురుగా ఏదీ పెట్టుకోకుండా వేస్తే ఇంకో ముఖం వచ్చేదే కాదు. సబ్బు ప్రకటనలో దొరసానికి తెరేసమ్మ కనుబొమ్మలే. జెండా మీది దేవదూతకు తెరేసమ్మ గడ్డమే. తెరేసమ్మది నేరేడు పండు నలుపు, గోడల మీద ఉన్నది గులాబీ రంగు. అందుకని ఎవరూ పోల్చుకోలేదు. తల్లి అమలమ్మ మాత్రం చూసి నవ్వేది. "పిల్లదానికి పౌడరు రాసి ఊరంతా తిప్పుతున్నావేంట్రా" అనేది.

తెరేసమ్మ చదువుకుంది. టీచరు ట్రైనింగు పూర్తి చేసి, వన్‌టౌన్‌లో ఒక చిన్న బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేది. పొద్దున్నే గుణదలలో టౌను బస్సెక్కి ఏలూరు రోడ్డంతా పోయి, సాయంత్రం అదే రోడ్డున వచ్చేది.

1974లో మాఘమాసం పెళ్ళిళ్ళు దగ్గర పడుతుండగా, బీసెంటు రోడ్డులో బట్టల కొట్టున్న పాండురంగయ్య గారు జక్కయ్యను పిలిపించారు. ఆయన అల్లుడు తిరుపతిరావు అప్పుడే మద్రాసు నుంచి వచ్చి వ్యాపారంలో చెయ్యి పెట్టాడు. ఏలూరు రోడ్డు మలుపులో పెద్ద గోడొకటి మాట్లాడి ఉంచాడు. జక్కయ్య చేతిలో చీటీ పెట్టాడు. ఎడమ పక్క నల్లమ్మాయి, నేత చీర, దిగులు ముఖం. కుడి పక్క తెల్లమ్మాయి, నైలాన్ చీర, నవ్వు ముఖం. పైన పెద్దక్షరాలు: 'నలుపుకు విరుగుడు మా నైలాన్!'

బోర్డు పనివాళ్ళలో ఒక అలవాటుంది. బొమ్మ ఒక పని, మాట ఒక పని. మాట కొట్టువాళ్ళది, తప్పున్నా ఒప్పున్నా చీటీలో ఉన్నట్టు దించడమే. బొమ్మ ఒక్కటే తమది. జక్కయ్య పాతికేళ్ళుగా అలాగే చేశాడు. ఆ చీటీని కూడా అలాగే చదివాడు.

కుడి పక్క ముఖానికి తిరుపతిరావు క్యాలెండరు ఇచ్చాడు. దాని మీద గళ్ళు గీసి, గోడ మీద పెద్ద గళ్ళు గీసి, గడికి గడి ఎక్కించాడు జక్కయ్య. ఎడమ పక్కదానికి చూసి వేసేందుకు ఏమీ ఇవ్వలేదు. ఇక చెయ్యి తన దారిన తను పోయింది.

మామూలుగా నల్లటి మనిషిని వెయ్యాలంటే బోర్డు వాళ్ళు గోధుమ రంగులో నలుపు కలుపుతారు. ముఖం బూడిద కొట్టుకుపోయినట్టుంటుంది. జక్కయ్య నలుపు డబ్బా మూతే తియ్యలేదు. ఇటుక రంగులో కాస్త నీలం కలిపాడు. చెంప మీద వెలుగు పడే చోట పసుపు తాకించాడు. నాలుగు రోజులకు పదడుగుల ముఖం గోడలోంచి బయటికి వచ్చింది. మెడ దగ్గరికి వచ్చేసరికి, రోజూ చూసే మెడే గనక, నల్లదారానికి చిన్న సిలువ కూడా వేసేశాడు. రిక్షా వాళ్ళు ఆగి చూశారు. పక్కన క్యాలెండరు పిల్ల పిండిబొమ్మలా వెలవెలబోయింది.

తిరుపతిరావు వచ్చి చూసి, "దిగులు చాలలేదయ్యా" అన్నాడు. జక్కయ్య నిచ్చెనెక్కి పెదవి చివర ఒక గీత కిందికి లాగాడు. ఆ ముఖంలో తెరేసమ్మది కానిది ఆ ఒక్క గీతే.

తన జన్మలో అంత బాగా ఏదీ వెయ్యలేదని జక్కయ్యకు తెలుసు. చెల్లెలు చూసి సంతోషపడుతుందనే అనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం తెరేసమ్మ చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

"అన్నయ్యా, ఏలూరు రోడ్డు గోడ మీదున్నది నేనేనా?"

"ఎవరు చెప్పారు?"

"మా మూడో తరగతి. నలభై మందీ."

"బాగా వచ్చింది గదా?"

"బాగా వచ్చింది. అందుకే పట్టేశారు. వచ్చేప్పుడు కండక్టరు కూడా పట్టేశాడు. 'విరుగుడు గారికి ఒక టికెట్టు' అన్నాడు. బస్సు బస్సంతా నవ్వింది."

"ఎవడు వాడు? ఏ బస్సు?"

"వాణ్ణొదిలెయ్. గోడ మీద రాసింది వాడు కాదుగా."

"మాట వాళ్ళదమ్మాయ్. నాది బొమ్మే."

"రోడ్డున పోయేవాళ్ళు రెండూ విడదీసి చూస్తారా?"

జక్కయ్య చేతులకంటిన రంగును కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. "నాకు వేరే ముఖం రాదని నీకు తెలుసుగదే" అన్నాడు.

"కుడి పక్కదానికి వచ్చిందిగా."

"అది క్యాలెండరు చూసి వేసింది."

"సరే. నా ముఖం కుడి పక్కన పెట్టి ఆ నైలాన్ చీరేదో నాకే కట్టచ్చని తోచలేదా?"

తోచి వద్దనుకుని ఉంటే ఏదో ఒక జవాబు ఉండేది. తోచనే లేదు. ఇంటెడు మందిలో ఆ పిల్ల ముఖాన్ని అందరికన్నా ఎక్కువ చూసినవాడు తనే. అయినా తోచలేదు.

పొయ్యి దగ్గర్నుంచి అమలమ్మ, "దాన్ని కాళ్ళు కడుక్కోనివ్వరా ముందు" అంది.

ఆ సంగతి ఇంటితో పోలేదు. ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పే సీతారావమ్మ గారు ఆ గోడ గురించి ఊళ్ళో వారపత్రికకు ఉత్తరం రాశారు. నలుపు రోగమా, విరుగుడు దేనికి అని అడిగారు. ఇక వారం వారం ఉత్తరాలే. ప్రకటనను ప్రకటనలా చూడాలి గాని గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకోవడం ఎందుకని ఒకాయన. పెళ్ళిచూపుల్లో అందరూ అనే మాట గోడ మీద రాస్తే తప్పా అని ఇంకొకాయన. విదేశంలో తెల్లవాడు నల్లవాణ్ణి ఇలా గోడకెక్కిస్తే మనం సభలు పెట్టి ఖండిస్తాం, ఇక్కడ మనమే తెల్లవాళ్ళమా అని ఒక విద్యార్థి. మూడో వారం, పేరు లేని ఉత్తరం ఒకటి సూటిగా అడిగింది: నల్లగా ఉన్నవాళ్ళు అందరిళ్ళల్లోనూ ఉన్నారు గదా, మరి ఆ పిల్ల మెడలో సిలువే ఎందుకుంది?

ఆ ఉత్తరంతో గుణదల మేరీమాత గుడి దగ్గర కూడా మాటలు మొదలయ్యాయి. సీతారావమ్మ గారు ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో సభ పెట్టారు. కొట్టువాళ్ళను, బొమ్మ వేసినతన్ని కూడా రమ్మన్నారు.

"నేనూ వస్తున్నా" అంది తెరేసమ్మ ఆ పొద్దున. చేతిలో నాలుగు మడతల కాగితం ఉంది. "రాసుకున్నా. ఆ ముఖం ఎవరిదని వాళ్ళు అడక్క మానరు. మా చెల్లెలిదని చెప్పు. ఆ తర్వాత నేను లేచి మాట్లాడతా. నాయంతట నేను లేచి ఆ నల్లదాన్ని నేనేనంటే పిచ్చిదనుకుంటారు. నువ్వు చెప్పాలి."

"అంతమందిలోనా?"

"గోడ మీద వేసింది అంతకన్నా ఎక్కువమందిలో."

సభ నిండింది. కానీ మాట అనుకున్న దారిన నడవలేదు. నేతపనివాళ్ళ సంఘం తరఫున కోటిలింగం గారు లేచి, నల్లమ్మాయికి నేత చీర కట్టి దిగులుగా చూపించడం మగ్గాన్ని అవమానించడమేనన్నారు. ఆ ఒక్క మాట మీద ముప్పావుగంట నడిచింది. నూలు రేటు, మిల్లు బట్ట, సొసైటీ బకాయిలు అన్నీ వచ్చాయి. ఒక పెద్దాయన కృష్ణుడు నల్లనివాడేనని శ్లోకం చదివి కూర్చున్నారు. పాండురంగయ్య గారు లేచి చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించారు.

"నేను మాత్రం తెలుపా అండీ? నా భార్యా నలుపే. నాకు లేని బాధ మీకెందుకు?"

హాలంతా నవ్వు.

"మీ ఆవిణ్ణే వేయించకపోయారా గోడ మీద" అని వెనక నుంచి ఎవరో అనేసరికి ఆయన కూర్చున్నారు.

అప్పుడు సీతారావమ్మ గారు జక్కయ్య వైపు తిరిగారు. ఆవిడ గొంతు నెమ్మదిగా, మర్యాదగానే ఉంది. "బొమ్మ చాలా బాగా వేశారండీ. అందుకే అడుగుతున్నాను. ఈ ముఖం ఎవరిది? ఎవరినైనా చూసి వేశారా? మెడలో ఆ సిలువ వాళ్ళు వెయ్యమన్నారా?"

జక్కయ్య లేచాడు. ఆడవాళ్ళ బెంచీల్లో మూడో వరసలో తెరేసమ్మ ఉంది. కాగితం మడతలు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. హాలంతా తన వైపే చూస్తోంది. ఇంకొక్క మాట అంటే ఈ కళ్ళన్నీ అటు తిరుగుతాయి. మెడ దగ్గర్నుంచి పాదాల దాకా చూస్తాయి, గోడ మీది దానితో పోల్చి చూస్తాయి. బస్సులో నవ్విన నవ్వు ఇక్కడా లేస్తుందేమోననిపించింది. చెల్లెల్ని కాపాడుతున్నాననే అనుకున్నాడు ఆ క్షణాన.

"ఎవరిదీ కాదండీ" అన్నాడు. "నల్లగా వెయ్యమన్నారు, వేశాను. సిలువ ఏదో చేతి అలవాటున వచ్చింది."

సీతారావమ్మ గారు తలాడించి సభ వైపు తిరిగారు. తెరేసమ్మ కాగితాన్ని ఉన్న మడతల్లోనే మళ్ళీ మడిచి సంచీలో పెట్టుకుంది. అందులో ఏం రాసుకుందో జక్కయ్యకు ఎప్పటికీ తెలియలేదు. రెండు మూడుసార్లు అడగాలనుకున్నాడు, అడగలేదు.

చివరికి పాండురంగయ్య గారే, "నాకెందుకండీ ఈ గొడవ, ఆ మాటలూ ఆ నల్లబొమ్మా తీయించేస్తాను" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. కోటిలింగం గారు కూడా కొట్టారు.

తీసేసే పని జక్కయ్యకే వచ్చింది. బుధవారం సాయంత్రం తెల్లరంగు డబ్బా, వెడల్పాటి బ్రష్షు, నిచ్చెన పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. పైన అక్షరాలు ముందు తుడిచాడు. ముఖం దగ్గరికి వచ్చేసరికి నిచ్చెన రోడ్డు పక్క కాలువ వైపు జారుతోంది. దిగి సర్దుకుంటుంటే ఎదురుగా బస్సు ఆగింది. తెరేసమ్మ దిగింది. సభ రోజు నుంచీ ఇంట్లో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

"తుడిచేస్తున్నావా?"

"తుడిచెయ్యమన్నారు."

"దాన్ని?" కుడి పక్కకు చూపించింది.

"అదుంటుందట. కొట్టు పేరు కింద."

తెరేసమ్మ గోడ మీది తన ముఖం వైపు తిరిగింది. "గోడ మీద వేశావని కోపం రాలేదన్నయ్యా. రాలేదంటే, వచ్చింది, పోయింది. ఎవరిదీ కాదన్నావే, అది పోవట్లేదు."

"నిన్నందరూ చూస్తారని..."

"చూడనీ. చూసేవాళ్ళు రోజూ చూస్తున్నారుగా. నేను మాట్లాడితే వింటారని వచ్చా."

జక్కయ్య చేతిలోని బ్రష్షు వైపు చూసుకున్నాడు. ఈ పని చెయ్యనని బ్రష్షు కింద పెడితే? చెల్లెలు అదే చూస్తోందేమో. లేక తనంతట తను వద్దంటుందేమోనని అతనూ చూశాడు. తెరేసమ్మ సంచీ కింద పెట్టి, "నిచ్చెన జారుతోంది, నేను పట్టుకుంటాలే, ఎక్కు" అంది.

ఎక్కాడు. ముందు నుదురు పోయింది. తర్వాత కళ్ళు. పెదవి చివర తను లాగిన గీత పోయింది. సిలువ పోయింది. కింద నిచ్చెన కదలకుండా ఉంది.

సోడా బండి తోసుకుపోతున్నతను ఆగాడు. "ఏంటి మేస్త్రీ, ఎవర్ని తుడిచేస్తున్నారు?"

"మా చెల్లెల్ని" అన్నాడు జక్కయ్య.

సోడా అతను గోడ వైపు చూశాడు. అక్కడ తెలుపు తప్ప ఏమీ లేదు. వేళాకోళం అనుకుని నవ్వి, బండి తోసుకుంటూ పోయాడు.

జక్కయ్య కిందికి చూశాడు. తెరేసమ్మ తలెత్తలేదు. ఇంకా తడిగానే ఉన్న తెలుపులోంచి ఇటుక రంగు పల్చగా పైకి వస్తోంది.

"రెండో పూత కూడా వెయ్యన్నయ్యా" అంది. "త్వరగా వెయ్యి. నాకు బస్సుంది."