అయిదున్నర అని చదివాను

బండి కొలతల చీటీ రాసింది నేనే. ఎత్తు, వెడల్పు, పొడవు, బరువు. మా ఆయన మంచం మీద కూర్చొని చెప్తుంటే, హాస్టల్ సామాన్ల పుస్తకంలోంచి చింపిన కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాశాను. అంతకు ముందైతే నా చేతిలోంచి పెన్ను లాక్కునేవాడు. "నువ్వు రాసేవరకు నేను వైజాగ్ పోయి ఒస్త" అని ఎగతాళి చేసేవాడు. ఆ రోజు ఏమీ అనలేదు. నేను రాసేదాకా ఓపికగా కూర్చున్నాడు. చీటీ చేతికిస్తే చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఈమధ్యే నేర్చుకున్న నా రాత మీద నమ్మకం కుదిరిందనుకున్నాను. లోపల పొంగిపోయాను కూడా.

మా ఆయన ట్రైలర్ నడిపేవాడు. ముందు ఇంజన్, దాని వెనక తగిలించిన నలభై అడుగుల బల్ల, ఆ బల్ల మీద ఇనుప దూలాలో, వంతెనలకు పోసిన కాంక్రీటు దిమ్మెలో. అంత పెద్ద బండి ఊళ్లోకి రాదు. రింగు రోడ్డు పక్కన, బండి యజమాని సేటు జాగాలో ఆగి ఉంటుంది. మేం ఉండేది మధురానగర్‌లో, నేను వంట చేసే ఆడపిల్లల హాస్టల్ వెనక గదిలో. ఇరవై ఏళ్లలో నేను ఆ బండి ఎక్కింది ఒక్కసారే. అద్దంలో చూస్తే మన బండి చివర ఎవరిదో వేరే బండి అన్నట్టు దూరంగా వస్తూ ఉంటుంది. మలుపులో ఇంజన్ తిరిగి చాలాసేపయ్యాక గానీ ఆ తోక తిరగదు. తిరిగేటప్పుడు మూల మీద ఉన్నదాన్నల్లా ఊడ్చుకుంటూ వస్తుంది. "గిది ఆగాల్నంటే ఎంత దూరం పడ్తది?" అని ఆ రోజు అడిగాను. "లోడు మీద ఉంటె ఎంతన్న పడ్తది. బ్రేకు తొక్కినంక నేను సుత నీ తీర్గనే కూసొని సూసుడే" అని నవ్వాడు.

కొలతల చీటీ ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, అంతకు నెల ముందు ఫోన్‌లో మ్యాప్ పెట్టుకొని పోతే అది ట్రైలర్‌ను ఒక సన్నటి రోడ్డులోకి తీసుకుపోయింది. ఎదురుగా రైలు వంతెన. సైకిల్ మీద పోయే మనిషెవరో చేతులు ఊపి అరిస్తే బ్రేకు వేశాడట. పైన సరుకుకీ వంతెనకీ మధ్య జానెడు సందు మిగిలింది. వెనక్కి రావడానికి సగం రోజు పట్టింది. "ఎత్తు బోర్డు లేకుండె ఆడ" అని సేటుకు చెప్పాడు. నాకూ అదే చెప్పాడు. అంతకు ముందు పక్కన క్లీనర్ ఉండేవాడు, తోవ చెప్పేవాడు. పోయిన ఏడాది సేటు క్లీనర్లను తీసేసినప్పటి నుంచి మా ఆయన ఒక్కడే పోతున్నాడు.

సేటు మంచిగానే చెప్పాడు. "ఫోన్ మ్యాప్ కార్లకు భాయ్. లారీలకు వేరే మిషన్ ఒస్తది. బండి ఎత్తు, బరువు ఎక్కిస్తె పట్టే రోడ్డే చూపిస్తది. పంజాగుట్టలో దొరుకుతయి. నీకు నచ్చింది తెచ్చుకో." మర్నాడు పొద్దున్నే దూలాల లోడు ఉంది. అందుకని ఆ రోజు మధ్యాహ్నం హాస్టల్ పిల్లల భోజనాలు కాగానే ఇద్దరం బయల్దేరాం.

పెళ్లయినప్పటి నుంచి ఆయన నాకు పదడుగులు ముందు నడిచే మనిషి. ఆ రోజు వెనక నడిచాడు. అమీర్‌పేట చౌరస్తా దాటేటప్పుడు నా చేతిలోని సంచి ఒక పిడి ఆయన పట్టుకున్నాడు. సంచి ఖాళీది. మెట్రో స్తంభాల నీడల్లో ఆటోలు ఎటు నుంచి వస్తున్నాయో తెలియని చోట, సంచి కొద్దిగా వెనక్కి లాగినట్టయినప్పుడల్లా నేను ఆగాను, నేను కదిలితే ఆయన కదిలాడు. ముసలితనంలో ప్రేమ పుట్టుకొచ్చిందే అనుకున్నాను. మనిషికి తనకు కావలసినట్టు అర్థం చేసుకునే గుణం ఉంటుంది. నాకు కొంచెం ఎక్కువ.

దుకాణం కార్ల సామాన్లదే. సీటు కవర్లు, హారన్లు, అద్దానికి వేలాడే దండలు. దుకాణదారు కోస్తా వైపు మనిషి, మాట మెత్తన. మూడు మిషన్లు తీసి అద్దాల బల్ల మీద వరసగా పెట్టాడు. ఒకటి చిన్నది. ఒకటి పలకంత ఉంది. మూడోది మధ్యరకం, వెనకాల గుండ్రటి స్పీకరు.

"పెద్దది తీసుకోండి సార్. తెర ఎంత బాగుందో చూడండి. వంతెనలు, బరువు హద్దులు, అన్నీ బొమ్మలతో చూపించేస్తుంది."

మా ఆయన పెద్దదాని వైపు తిరగలేదు. "మాట్లాడ్తదా?"

"మాట్లాడుతుందండి."

"తెలుగుల?"

"తెలుగులోనే. ఎడమకు తిరగండి, కుడికి తిరగండి అంటుంది."

"మాకు క్లీనర్ సైడు, డ్రైవర్ సైడు అంటె సాలు."

దుకాణదారు నవ్వాడు. "అంత చనువు దానికి లేదండి."

"ఎంత గట్టిగ మాట్లాడ్తది? ఇంజన్ సప్పుడుల ఇనబడాలె. మలుపు ఎంత దూరముండంగ చెప్తది? వంతెన ఎత్తు నోటితోని చెప్తదా, ఉత్తగ బొమ్మ ఏస్తదా?"

ప్రశ్నలన్నీ చెవికి సంబంధించినవే. చిన్నదాన్ని ఆన్ చేసి చేతికిస్తే చెవి దగ్గర పెట్టుకున్నాడు. పెద్దది బొమ్మ మాత్రమే చూపిస్తుందని తెలియగానే చేత్తో పక్కకు జరిపాడు. స్పీకరు ఉన్నది మాట్లాడటం మొదలుపెట్టగానే ముఖం తిప్పి తల వంచి విన్నాడు. అంత ఖర్చు పెట్టి సేటు కొనిచ్చే తెర వైపు ఒక్కసారీ చూడలేదు.

"ఇది మీ ఆవిడకన్నా ఎక్కువ మాట్లాడుద్దండి" అన్నాడు దుకాణదారు.

"గా ఫికర్ లేదు, అలవాటే" అన్నాడు మా ఆయన. ముగ్గురం నవ్వాం.

తర్వాత ఆ దుకాణదారు మిషన్‌లో ఏదో నొక్కి, మా ఆయన ముందుకు జరిపాడు. "ఇప్పుడు చూడండి సార్, ముందు ఒక వంతెన వస్తోంది. దాని ఎత్తు ఎంత చూపిస్తోందో చదవండి."

మా ఆయన చేయి జేబు మీదికి పోయింది. "అద్దాలు ఇంట్ల మర్చిన. నువ్వు చదువు" అన్నాడు నాతో.

మా ఆయనకు అద్దాలు లేవు. ఎప్పుడూ లేవు.

ఆ మాట నాది. అక్షరాలు నేర్చుకోక ముందు ముప్పై ఏళ్లు ఆ మాట మీదనే బతికాను. బస్టాపులో, రేషన్ దుకాణంలో, దవాఖానాలో చీటీ చేతికిచ్చినప్పుడు, "అద్దాలు ఇంట్ల మర్చిన బిడ్డా, జర నువ్వు చదువు." ఎవరూ అనుమానించరు. చేయి కొంగు మీదికో జేబు మీదికో పోవాలి, ముఖం కొద్దిగా చిరాకుగా పెట్టాలి. అంతే. చదవమన్న చోట చదవకుండా తప్పించుకునే దారులు నాకు తెలిసినన్ని ఎవరికీ తెలియవు. చీటీని చూడకుండా మడిచి జేబులో పెట్టుకోవడం వాటిలో ఒకటి.

అయినా నమ్మబుద్ధి కాలేదు. తెర మీద వంతెన బొమ్మ, దాని పక్కన ఎర్రగా 3.8 అని ఉంది. మీటర్లు. మా బండి మీద లోడు వేస్తే నాలుగున్నర. ఆ అంకె నా చేత్తో నేనే రాశాను.

"అయిదున్నర" అని చదివాను.

మా ఆయన తెర వైపు ముఖం వంచాడు. కళ్లు చిట్లించాడు. తల ఊపాడు. "ఆఁ. అయిదున్నర. మన బండి పోతది."

"అయ్యో, మూడు పాయింట్ ఎనిమిది అండి!" అన్నాడు దుకాణదారు నవ్వుతూ. "అయిదున్నర అనుకుని వెళ్తే సరుకు అక్కడే దిగిపోద్ది. బాగా కుదిరారు ఇద్దరూ. రేపు బండికి బిగించుకునేటప్పుడు కళ్లజోళ్లు పెట్టుకోండి."

"మా దానికి అక్షరాలు కొత్త" అన్నాడు మా ఆయన. తప్పు నా మీద పెట్టినందుకు నాకు బాధ కలగలేదు. అంత తొందరగా, అంత సులువుగా పెట్టాడే అనిపించింది. ఎన్నాళ్ల సాధన ఉంటే అంత సులువుగా వస్తుందో నాకు తెలుసు.

గట్టిగా మాట్లాడే మిషనే తీసుకున్నాం. అది రోడ్డు చెప్తుంది, మలుపు చెప్తుంది, వంతెన ఎత్తు చెప్తుంది. రోడ్డు మీదికి వచ్చే మనిషి సంగతి చెప్పదు.

తిరిగి వచ్చేటప్పుడు మైత్రీవనం దగ్గర చాయ్ బండి ముందు ఆగాం. క్లాసులు వదిలారు. భుజాలకు సంచులతో పిల్లలు గుంపులు గుంపులుగా మా మధ్యలోంచే పోతున్నారు. ఒక పిల్లాడి మోచేయి తగిలి మా ఆయన గ్లాసులోది ఒలికింది. ఎదురుగా వస్తున్న వాణ్ణి ఆయన చూడనే లేదు.

"ఎప్పటి సంది?" అని అడిగాను.

"ఏంది ఎప్పటి సంది?"

"నీకు కనబడకుంట ఎప్పటి సంది?"

"ఆహా. నాలుగు అక్షరాలు రాంగనే డాక్టర్‌వైనవా?"

"గా బొమ్మ మీద మూడు ఎనిమిది ఉన్నది. నేను అయిదున్నర అన్న. కావాల్నని అన్న."

ఆయన గ్లాసు కిందపెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, "వానకాలం సంది. అక్షరాలు జర మసక. గంతే" అన్నాడు.

"వంతెన కాడ బోర్డు ఉండెనా?"

"ఉండెనేమో."

"షుగర్ గోలీలు ఏసుకుంటున్నవా?"

"యాదికొస్తె ఏసుకుంటున్న."

"మరి మనుషులు?"

"మనుషులు కనబడ్తరు."

"ఎంత దూరంల కనబడ్తరు?"

దానికి జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఏం చేసేదాన్నో తెలియదు. ఎంతో కొంత దూరం చెప్పి ఉంటే నమ్మేదాన్నేమో. నమ్మడానికే చూస్తున్నాను.

"రేపు పోకు" అన్నాను. "సేటుకు నువ్వే చెప్పు. దవాఖానాకు పోదాం, కండ్లు చూపిద్దాం."

"కండ్లు చూపిస్తె స్టీరింగ్ ఇయ్యరే. ఎప్పటికీ ఇయ్యరు. నాకింక ఏమొస్తది? నీ హాస్టల్ల ఉల్లిగడ్డలు కొయ్యాల్నా?" అని లేచాడు. "గీ మిషన్ ఉన్నది గద. రెండేండ్లు నడిపిస్త, సాలు. రేపు పోతున్న. సేటుకు ఒక్క ముక్క చెప్పినవనుకో, ఇగ నీకు నాకు మాట లేదు."

గదికి వచ్చాం. సాయంత్రం అయిదు దాటింది. బియ్యం కడగాల్సిన టైము. ఆయన మిషన్ డబ్బా విప్పి, కిటికీలో పెట్టి, ఆన్ చేశాడు. దుకాణదారు దానిలో మా బండి కొలతలన్నీ ఎక్కించి, రేపటి ఊరు కూడా పెట్టి ఇచ్చాడు. నాలుగు గోడల మధ్య అది మొదలుపెట్టింది. "రెండు వందల మీటర్ల తర్వాత ఎడమకు తిరగండి." ఆయన మంచం మీద కూర్చొని, కళ్లు మూసుకొని, రెండు చేతులూ ముందుకు చాచి లేని స్టీరింగ్ పట్టుకున్నాడు. ఎడమకు తిప్పాడు. నిదానంగా, వెనక నలభై అడుగుల తోక ఉందని గుర్తుపెట్టుకొని తిప్పాడు. తిప్పుతుంటే ఆయన ముఖంలో నెమ్మది కనిపించింది. ఆ మలుపు మీద ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. సైకిల్ మీదనో, పాల క్యాన్‌తోనో. ఆ మనిషి కూడా లారీ డ్రైవర్ తనను చూస్తున్నాడనే అనుకుంటాడు.

నేను గడప దగ్గర కూర్చొని ఫోన్ తీశాను. ఆయన ఫోన్ కలవనప్పుడు సేటు నాకే చేసేవాడు, నంబరు ఉంది. ఫోన్ చేసి చెప్తే నా గొంతు ఆయనకు వినబడుతుంది. అందుకని రాశాను. బయటి మనిషికి నేను రాసిన మొదటి మాటలు అవే. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, పడిపోయిన దీర్ఘాలు మళ్లీ పెట్టుకుంటూ రాశాను.

"సేటూ, మా ఆయనకు బోర్డులు కనబడతలేవు. మనుషులు సుత కనబడతలేరు. రేపు బండి ఇయ్యకుండ్రి. నేను చెప్పిన అని చెప్పకుండ్రి."

మిషన్ మాట ఆగింది. తల ఎత్తితే ఆయన నా వెనకే నిలబడి ఉన్నాడు.

"ఏం రాస్తున్నవ్?"

"హాస్టల్ సామాన్లు. రేపటికి."

ఆయన వంగాడు. ఊపిరి నా చెవికి తగిలేంత దగ్గరగా వంగి, తెరలోకి చూశాడు. అంత దగ్గరి నుంచి కనబడుతుందో లేదో నాకు తెలియదు. ఫోన్ వెనక్కి తీసుకుందామంటే చేయి రాలేదు. ఆయన పెదాలు కదిలాయి, చదివేటప్పుడు కదిలినట్టే. దొరికిపోయాక కూడా ఆ అలవాటు పోదు. నాకైతే పోలేదు, అక్షరాలు వచ్చాక కూడా కొన్నాళ్లు అద్దాలు మర్చిపోయానని చెప్తూనే ఉన్నాను.

"నూనె సుత రాయి" అన్నాడు. "అయిపోవచ్చింది."

"రాస్త" అన్నాను. ఆయన కళ్ల ముందే పంపే గుర్తు నొక్కాను.

ఆయన మళ్లీ మంచం మీద కూర్చొని, రేపటి బట్టలు సంచిలో సర్దుకున్నాడు. నేను బియ్యం గిన్నెలో నీళ్లు పోశాను. ఒకసారి కడిగి పారబోశాను. రెండోసారి నీళ్లు పోస్తుండగా ఆయన జేబులో ఫోన్ మోగింది. తీసి, చేయి చాచి దూరంగా పట్టుకున్నాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు. తర్వాత ఏ సాకూ చెప్పకుండా నాకందించాడు.

"ఎవలు చేస్తుండ్రో చూడు."

తడి చేయి చీరకు తుడుచుకొని చూశాను.

"సేటు" అన్నాను. పచ్చ గుర్తు జరిపి, ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టాను.