ఉప్పునీళ్ళ ఎత్తుగడ

మా బావివి తియ్యటి నీళ్ళు. ఉప్పునీళ్ళని రాసి కప్పు గెలిచాను. ఆ ఉప్పు ఇన్నేళ్ళూ నా గొంతులోనే ఉంది. ఇవాళ మీకు చెప్పేస్తున్నాను.

అరవైల చివర్లో నేను తెనాలిలో తొమ్మిదో తరగతి. రేపల్లె నుంచి రోజూ రైల్లో వచ్చే సుశీల నా పక్కన కూర్చునేది. బాపట్లలో వ్యాసరచన పోటీ పెట్టారు. విషయం 'నీటి విలువ' అని ముందే చెప్పారు. వెళ్ళేటప్పుడు రైల్లో సుశీల తన వ్యాసం ఎత్తుగడ, అదే మొదలెట్టే తీరు, వినిపించింది: 'మా ఇంటికి చుట్టం వస్తే మా అమ్మ మంచినీళ్ళివ్వదు, మజ్జిగ ఇస్తుంది. మా బావిలో ఉప్పునీళ్ళు.' భలే ఉందనిపించింది. నేను బట్టీ పట్టిందేమో 'మానవునికి నీరు ప్రాణాధారం'. మాస్టారు క్లాసంతటి చేతా వల్లె వేయించిన వాక్యం.

హాల్లో కాగితం ముందు కూర్చుంటే ఆ మజ్జిగే గుర్తొచ్చింది. రాసేశాను. సుశీల కూడా అదే రాస్తుందని తెలియదా? తెలుసు. ఇన్ని కాగితాల్లో ఎవరు చూస్తారులే అనుకున్నానా, లేక నా దస్తూరి ముత్యాల్లా ఉంటుంది గనక నన్నే నమ్ముతారని అప్పుడే లెక్కేసుకున్నానా? రెండోదే నిజమేమోనని ఇప్పటికీ భయం.

సాయంత్రం మా ఇద్దర్నీ పిలిచారు. వ్యాసాలు దిద్దిన పెద్దాయన ఒకరు మా కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, "తెనాల్లో ఉప్పునీళ్ళేంటమ్మా?" అని నన్నడిగారు.

"రేపల్లెలో మా అమ్మమ్మగారింటి బావి సంగతండి అది. నేనే రాశానండి" అన్నాను. నిజానికి మా అమ్మమ్మ ఊరు సంగం జాగర్లమూడి, కాలవ పక్కనే.

"నువ్వేమంటావమ్మా?" అని సుశీలని అడిగారు.

"రాసినవాళ్ళకి తెలుసండి" అంది, నా వైపే చూస్తూ. నేను నోరు విప్పుతానని ఎదురుచూసింది. పెద్దాయన నా దస్తూరి చూసి నన్నే నమ్మారు. కాపీ కొట్టిందని దాని కాగితం తీసి పక్కన పడేశారు.

కప్పు నాకిచ్చారు. సిగ్గు లేకుండా పొంగిపోయాను కూడా! తిరుగు రైల్లో సుశీల, "పోతే పోయిందిలేవే. నేనింకోటి రాసుకుంటా. నీకొచ్చా మరి?" అంది.

అన్నంత పనీ చేసింది. మరుసటి ఏడు అదే హాల్లో, కొత్త ఎత్తుగడతో, మొదటి బహుమతి! అది తన వ్యాసం చదువుతుంటే హాలంతా ఈలలు. అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టింది నేనే. ఆ గెలుపు తలుచుకుంటే ఇప్పటికీ సంతోషంతో కళ్ళు నిండుతాయి. నిజం మాత్రం ఆ రోజూ చెప్పలేదు.

డెబ్బైల్లో నేనే తెలుగు టీచర్నయ్యాను. ఎత్తుగడ ఎలా ఉండాలో చెప్పేటప్పుడల్లా ఆ మజ్జిగ వాక్యమే చెప్పాను, ఎవరిదో చెప్పకుండా. అది సుశీలది. నాది కాదు. హమ్మయ్య, అనేశాను.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు. కానీ సుశీలా, ఇది నీ కంటబడితే ఒక్కసారి మొదటి వాక్యానికెళ్ళి నేను మొదలెట్టిన తీరు చూడవే. ఎవరి దగ్గరా ఎత్తుకొచ్చింది కాదు. ఆ రోజు రైల్లో 'నీకొచ్చా' అన్నావుగా, నాకూ వచ్చిందే!