ఆ నకలు మీది సంతకం నాదే

మార్చి పదకొండు, మంగళవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చదువుకుంటుండగా ఫోను వచ్చింది. వరండాలోకి వెళ్లి ఎత్తాను. అవతల ఒక పోలీసు అధికారి.

"రామంతాపూర్‌ల రూమ్ కిరాయికి తీసుకున్నది నువ్వేనా?"

నేను హాస్టల్లో ఉంటానని, మరే గదీ తీసుకోలేదని చెప్పాను.

"మరి నీ ఆధార్ జిరాక్స్ గాడికెట్ల పోయింది? సాయంత్రం స్టేషన్‌కు రా."

ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగు అధ్యాపకుడిగా ఎంపికైనవారి జాబితాలో అప్పటికి పన్నెండు రోజుల ముందే నా హాల్‌టికెట్ సంఖ్య వచ్చింది. ఉద్యోగంలో చేరేముందు జరిపే పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. అది పూర్తయితే నియామక పత్రం ఇస్తారు.

మా ఇంట్లో సంతకం చేయగలిగిన మొదటి మనిషిని నేను. నేను బాపు అని పిలిచే మా నాన్న తార్నాకలో ఒక అపార్ట్‌మెంటుకు కాపలా ఉంటారు. ఎక్కడైనా వేలిముద్రే వేస్తారు. ఆ చలికాలంలోనే ఒక నోటుబుక్కు కొని, ఆదివారాలు ఆయనకు సంతకం నేర్పడం మొదలుపెట్టాను. మూడు అక్షరాలు వచ్చాయి.

క్యాంపస్ వెనుక మాణికేశ్వర్ నగర్‌లో ఒక జిరాక్స్ దుకాణం ఉంది. ఉద్యోగ ప్రకటనల కాలంలో మేమందరం ధ్రువపత్రాల నకళ్లు ఒకేసారి పది జతలు తీయించి, ప్రతి కాగితం కింద సంతకం చేసి, పేరు రాసిన కవరులో పెట్టి అక్కడి అల్మారాలోనే ఉంచేవాళ్లం. ఫోన్ చేస్తే దుకాణం అన్న ఒక జత తీసి దరఖాస్తుకు జోడించి పంపేవాడు. నకలు ఎవరికోసమో, ఏ తేదీదో నేను రాసేవాణ్ణి కాదు. అలా రాస్తే మరో దరఖాస్తుకు పనికిరాదు. నా సంతకాలన్నీ ఒకే తీరుగా ఉండాలని మాత్రం నెమ్మదిగా, శ్రద్ధగా పెట్టేవాణ్ణి.

స్టేషన్లో సంగతి తెలిసింది. ఎవరో నా పేరుతో ఆ గది అద్దెకు తీసుకుని, ఉద్యోగాలిప్పిస్తామని బోర్డు పెట్టి, నిరుద్యోగులను మోసగించి మాయమయ్యారు. అద్దె ఒప్పందానికి నా ఆధార్ నకలు జతచేసి ఉంది.

నాకంటే ముందు మా హాస్టల్లోనే ఉండి, ఇప్పుడు బౌద్ధనగర్‌లో వకీలుగా ఉన్న ఒక అన్న నాతోపాటు స్టేషన్‌కు వస్తూ దారిలోనే హెచ్చరించాడు. "తమ్మీ, జిరాక్స్ మీది సంతకం గూడ నాది కాదను. గంతే. గాడ హరిశ్చంద్రుని లెక్క మాట్లాడకు."

అధికారి నకలు ముందుకు జరిపాడు. "ఈ సంతకం నీదేనా?"

అది నాదే. "నాదే సార్. ఒప్పందం మీదిది మాత్రం నాది కాదు."

"రెండూ ఒక్క తీరే ఉన్నయి గదా!"

నిజంగానే ఉన్నాయి. నకలు చూసి ఎవరో చక్కగా దించారు. వకీలన్న తల పట్టుకున్నాడు.

ఇంటి యజమానురాలైన ముసలమ్మను పిలిపించారు. ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది. "ఏమో బిడ్డా, మూతికి మాస్క్ పెట్టుకొని వచ్చిండు. గిట్లనే సన్నగ ఉండె. నాకు సరిగ్గ యాదికి లేదు."

కబురు తెలిసి స్టేషన్‌కు వచ్చి, అంతవరకు గోడకు ఆనుకుని నిలబడ్డ బాపు అప్పుడు నోరు విప్పారు. "మా ఇంట్ల సంతకం పెట్టేటోడు వీడొక్కడే సార్. కేసు గూడ వీని మీదనే అయితదా?"

రెండు సంతకాలనూ పోల్చి చూడటానికి ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపిస్తామన్నారు. నన్ను నిందితుడిగా రాసుకుని, పిలిచినప్పుడల్లా రావాలని నోటీసు ఇచ్చారు.

దుకాణం అన్న అల్మారా తెరిచి చూపించాడు. వాడినవి పోను నా కవరులో నాలుగు జతలు ఉండాలి, మూడే ఉన్నాయి. "గీడికి రోజుకు నూరు మంది వస్తరు, పోతరు. నేనెవ్వరినని చూస్త తమ్మీ?" అన్నాడు. అతని మీద కోపం కూడా రాలేదు.

నెల తిరగకముందే ఉద్యోగం కోసం నింపాల్సిన పోలీసు విచారణ పత్రం వచ్చింది. అందులో ఒక గడి: మీపై క్రిమినల్ కేసు ఏదైనా పెండింగులో ఉన్నదా?

"లేదని రాస్తే అబద్ధమైతది, దొరికితే నౌకరి పోతది. ఉన్నదని రాస్తే పోస్టు ఆగుతది," అన్నాడు వకీలన్న. "ఈసారి నన్ను అడుగకు. నేను చెప్పింది నువ్వెట్లాగూ ఇనవు."

ఉన్నదని రాశాను. కింద సంతకం చేశాను. అలవాటుగా అదీ చక్కగానే వచ్చింది.

నియామక పత్రం రాలేదు. ప్రయోగశాల నివేదిక కూడా ఇంతవరకు రాలేదు; అది రాకముందే కేసు కోర్టుకెక్కింది. వాయిదా రోజుల్లో కోర్టు వరండాలో నిలబడి, పేరు పిలిచాక మరో తేదీ రాసుకుని వస్తున్నాను. జిరాక్స్ దుకాణంలోని కవరు తెచ్చేసుకున్నాను. ఇప్పుడు ఏ నకలు ఇచ్చినా ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇస్తున్నానో దాని మీదనే రాసి, అడ్డంగా రెండు గీతలు గీస్తున్నాను. బాపు మాత్రం ఆ నోటుబుక్కును మళ్లీ తెరవలేదు. మొన్న బ్యాంకులోనూ వేలిముద్రే వేశారు.